ఆ ప్రశ్నకు 'నో' అని నొక్కే ముందు

అమెరికా వీసా దరఖాస్తు నింపడమంటే ఒక పూట పని. పేరు, ఊరు, తల్లిదండ్రుల వివరాలు, చదువు, ఉద్యోగం, తిరిగొచ్చిన దేశాలు... ఇవన్నీ అయ్యాక భద్రతకు సంబంధించిన ప్రశ్నలు వరుసకడతాయి. మీకు అంటురోగాలున్నాయా? మత్తుమందులు అమ్మారా? ఉగ్రవాదులకు సాయం చేశారా? ఊచకోతల్లో పాల్గొన్నారా? వాటి మధ్య ఇంకో ప్రశ్న ఉంటుంది. ప్రభుత్వాధికారిగా పనిచేస్తూ ఎప్పుడైనా మతస్వేచ్ఛకు తీవ్రమైన ఉల్లంఘనలకు బాధ్యులయ్యారా, లేక స్వయంగా పాల్పడ్డారా అని అడుగుతుంది. అన్నిటికీ జవాబు ఒకటే. 'నో', 'నో', 'నో'. చదివే పని కూడా ఉండదు. మౌస్ తనంతట తానే ఆ గడి మీదికి పోతుంది.

నేను దంతెవాడలో ఫొటో స్టూడియో నడుపుతాను. మా నాన్న విజయనగరం జిల్లా నుంచి బైలాడిలా గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరందుల్ రైలు మార్గం వెంట ఇలా వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మొదట పెళ్లి ఫొటోలు, తర్వాత జిరాక్సు, ఆ తర్వాత ఇంటర్నెట్. కాలం ఏది అడిగితే నా కొట్టు అదల్లా పెట్టింది. ఇప్పుడు ఆధార్ మార్పుల దగ్గర్నుంచి అమెరికా వీసా దాకా అన్నీ మా దగ్గరే నింపించుకుంటారు. బచేలీ, కిరందుల్‌లలో ఎన్‌ఎండీసీ ఉద్యోగుల పిల్లలు చదువులకు అమెరికా వెళుతుంటారు. వాళ్ల కోసం వెళ్లే అమ్మానాన్నలకు ఫొటో నేనే తీస్తాను. రెండంగుళాల చదరం, వెనక తెల్లగుడ్డ, కళ్లద్దాలు తీసేయాలి. దరఖాస్తూ నేనే నింపుతాను. అంటే ఆ మతస్వేచ్ఛ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎంతోమంది తరఫున 'నో' నొక్కిన చెయ్యి నాది.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు 2005లోనే తెలుసు. ఆ ఏడాది మార్చి 18న అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోడీకి అమెరికా వీసా నిరాకరించింది. ఫ్లోరిడాలో ఆసియన్ అమెరికన్ హోటల్ యజమానుల సంఘం సమావేశానికి ఆయన వెళ్లాల్సి ఉంది. దౌత్య వీసా అడిగితే ఇవ్వలేదు. అప్పటికే ఆయన దగ్గరున్న వ్యాపార, పర్యాటక వీసాను కూడా రద్దు చేశారు. గోధ్రాలో రైలు పెట్టెలో 59 మంది కాలిపోయిన తర్వాత 2002లో గుజరాత్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. రద్దుకు చూపించిన కారణం అదే.

దాని వెనకున్న చట్టం క్లింటన్ హయాంలో 1998లో వచ్చింది. పేరు అంతర్జాతీయ మతస్వేచ్ఛ చట్టం. మతస్వేచ్ఛను ఘోరంగా కాలరాసిన విదేశీ ప్రభుత్వాధికారులను దేశంలోకి రానివ్వకూడదని అందులో ఒక సెక్షన్ పెట్టారు. మొదట్లో గడచిన 24 నెలల్లో జరిగిన వాటికే అది వర్తించేది. 2004 చివర్లో ఆ గడువు ఎత్తేశారు. ఎత్తేసి ఉండకపోతే 2002 సంగతి 2005లో అడగడానికి వీలుండేది కాదు. ఆ సెక్షన్ కింద వీసా పోయినట్టు బయటికి తెలిసిన వ్యక్తి మోడీ ఒక్కరే.

ఆ రోజుల్లో కిరందుల్ నుంచి ఒక మిత్రుడు వారానికోసారి వచ్చి నా కొట్టులో కూర్చునేవాడు. మాది ఒకటే ఊరు, ఒకటే బడి. వార్త విని నేను చంకలు గుద్దుకున్నాను. వాడు మండిపడ్డాడు. "మనోణ్ణి మనం తిట్టుకుంటాం, దింపుకుంటాం. మధ్యలో వాడెవడు? ఓట్లేసి గెలిపించిన ముఖ్యమంత్రిని గుమ్మంలో నిలబెట్టడమేంటి?" అన్నాడు. "ఇంట్లో అడిగే దిక్కు లేనప్పుడు వీధిలోవాడైనా అడగాలి కదరా" అన్నాను నేను. వాడి వాదన వాడొక్కడిదే కాదు. కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వమే అయినా అదీ అమెరికాకు నిరసన తెలిపింది. ఎన్నికైన ముఖ్యమంత్రి పట్ల ఇది తగదని ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలోనే చెప్పారు. ఆ రోజు టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి గానీ వాదన తెగలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత అది దానంతటదే తెగిపోయింది. సుప్రీంకోర్టు నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందం మోడీపై విచారణకు తగిన ఆధారాలు లేవని 2012లో నివేదిక ఇచ్చింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ అమెరికా అంతదాకా ఆగలేదు. ఆయన ప్రధాని కావచ్చని గాలి వీస్తున్న 2014 ఫిబ్రవరిలో ఆ దేశ రాయబారి నాన్సీ పావెల్ గాంధీనగర్ వెళ్లి కలిశారు. మేలో ఆయన గెలిచారు. ఆహ్వానం వచ్చింది. 2005లో వీడియో ద్వారా మాట్లాడాల్సి వచ్చిన న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే 2014 సెప్టెంబర్ 28న నేరుగా నిలబడి మాట్లాడారు. మా మిత్రుడు ఫోన్ చేసి, "ఏరా, వీధిలోవాడు ఏమంటున్నాడు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చట్టం మారలేదు, 2002 మారలేదు. మారిందల్లా కుర్చీ.

అప్పటి నుంచి నాకు ఆ సెక్షన్ మీద గౌరవం సగమైంది. చిన్నవాడికి తలుపు, పెద్దవాడికి తివాచీ అయితే దాన్ని న్యాయమని ఎలా అంటాం? పైగా వీసా నిరాకరణలో విచారణ ఉండదు, సాక్షులుండరు, చెప్పుకోవడానికి పైకోర్టు ఉండదు. ఇల్లు నాది, రావద్దంటున్నాను అన్నంతే. అలా అనే హక్కు ప్రతి దేశానికీ ఉంది. మనమూ వాడుకున్నాం. అమెరికా ప్రభుత్వం పెట్టిన అంతర్జాతీయ మతస్వేచ్ఛ కమిషన్ బృందం 2016లో వస్తానంటే మన దేశం వీసాలివ్వలేదు. మా సంగతి చెప్పడానికి విదేశీ సంస్థకు ఏ హక్కూ లేదని 2020లో విదేశాంగ మంత్రి జైశంకర్ ఒక పార్లమెంటు సభ్యుడికి రాసిన లేఖలో తేల్చిచెప్పారు. అదే ఏడాది కరోనా మొదలైన రోజుల్లో, పర్యాటక వీసా మీద వచ్చి తబ్లిగీ కార్యక్రమాల్లో పాల్గొన్నారంటూ వందలమంది విదేశీయులను నల్లజాబితాలో పెట్టారు. ఒకరు మతస్వేచ్ఛను ఉల్లంఘించారని తలుపేస్తే, ఇంకొకరు మతస్వేచ్ఛ గురించి అడగొస్తే తలుపేశారు. తలుపు మాత్రం అందరిదీ ఒకేలా ఉంటుంది.

ఇవన్నీ పేపర్లో చదివి కొట్టులో కూర్చుని మాట్లాడుకునే సంగతులు. 2025 వర్షాకాలంలో అవి నా కొట్టులోకే వచ్చాయి.

దంతెవాడకు గంట దూరంలో ఉన్న ఒక ఊరి నుంచి నలుగురైదుగురు మనుషులు వచ్చారు. ఊరి పటేల్ నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఫ్లెక్సీ కావాలన్నారు. మేం డిజైన్ చేసి పెడతాం, ప్రింటు జగ్దల్‌పూర్‌లో అవుతుంది. ఏం రాయాలో కాగితం మీద హిందీలో రాసుకొచ్చారు. పాస్టర్లకు, పాదరీలకు, మతం మారిన బయటివారికి ఈ గ్రామ సరిహద్దులో ప్రవేశం నిషిద్ధం. కింద రాజ్యాంగం ఐదో షెడ్యూల్, 1996 పెసా చట్టం, గ్రామసభ ఆదేశం అని చిన్న అక్షరాలు. 'నిషిద్ధం' అనే మాట ఎర్రగా, పెద్దగా ఉండాలన్నారు. నేనే కూర్చుని అక్షరాలు దిద్దాను. ఒక స్పెల్లింగ్ తప్పుంటే సరిచేశాను కూడా. డబ్బులు తీసుకుని రసీదు రాసిచ్చాను. అలాంటి బోర్డులు కాంకేర్ జిల్లాలో లేచాయని అప్పటికే విన్నాను. పని పనే అనుకున్నాను.

నా దగ్గర పనిచేసే కుర్రాడు ఆ ఊరివాడే. ఇంట్లో గోండీ, నాతో హిందీ. నాలుగేళ్లుగా కొట్టు వెనక గదిలోనే ఉంటున్నాడు. ఫొటోల్లో వెనక తెల్లగుడ్డ ముడత లేకుండా పట్టడంలో వాడి తర్వాతే ఎవరైనా. వాడి తల్లిదండ్రులు ప్రార్థనకు వెళతారని నాకు తెలుసు. ఆదివారం సెలవడిగేవాడు, ఇచ్చేవాణ్ణి. అంతకు మించి మా మధ్య ఆ మాట రాలేదు. ఫ్లెక్సీ తయారైన రోజు వాడు బయటికి వెళ్లాడు. అది నా అదృష్టమని ఆ రోజు అనుకున్న మాట నిజం.

చలి మొదలయ్యాక వాళ్ల నానమ్మ చనిపోయిందని కబురొచ్చింది. నేనే బైకు తాళాలిచ్చి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చాడు. బోర్డు దగ్గర ఆపారట. "నేను బయటివాణ్ణి కాదు, ఇక్కడే పుట్టాను" అంటే, "మతం మారినవాడు ఎక్కడ పుట్టినా బయటివాడే" అన్నారట. ముసలావిడ మతం మారలేదు, ఊరి పద్ధతిలోనే ఆమెను మట్టిచేశారు. మనవడు మాత్రం సరిహద్దు రాయి ఇవతల నిలబడ్డాడు. ఇదంతా చెప్పి, కాసేపాగి అన్నాడు. "సేఠ్, ఆ బోర్డు మీది అక్షరాలు మన షాపువే కదా?"

నాలుగేళ్లు నా కంప్యూటర్ పక్కన కూర్చున్నవాడు. మా అక్షరాలు వాడు గుర్తుపట్టకపోతేనే ఆశ్చర్యం. నేను అవునన్నాను. వాడు ఇంకేం అనలేదు. వారం తిరక్కుండా పని మానేసి జగ్దల్‌పూర్ వెళ్లిపోయాడు.

పటేల్‌ను నేను దుర్మార్గుడని అనలేను. తర్వాత సంతలో కలిసినప్పుడు అడిగాను. ఆయన తన బాధ చెప్పాడు. "మామిడికాయ కొరికే ముందు ఊరంతా కలిసి ఆమాతిహార్ చెయ్యాలి. కొత్త బియ్యం వండే ముందు నవాఖాని చెయ్యాలి. వీళ్లు రారు, చందా ఇవ్వరు, దేవగుడి వైపు చూడరు. దేవత కోపగిస్తే వాన వాళ్ల పొలంలో ఒక్కదాంట్లోనే ఆగుతుందా గురూ? ఊరు ముక్కలైతే మాకింకేం మిగులుతుంది?" అన్నాడు. ఆ భయం కల్పించుకున్నది కాదు. అడవి పోయి, భూమి తగ్గి, భాష పల్చబడుతున్న మనుషులకు దేవగుడి చివరి చిరునామా. మిషనరీల మీద నియోగీ కమిటీ 1956లో నివేదిక ఇచ్చిన నాటి నుంచి మధ్యప్రదేశ్‌లో ఈ గొడవ ఉంది. 1968లో మతమార్పిళ్లపై ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2000లో ఛత్తీస్‌గఢ్ వేరుపడినప్పుడు ఆ చట్టమూ వెంట వచ్చింది. బలవంతంగానో, ఆశపెట్టో మతం మార్చకూడదని దాని ఉద్దేశం. నేను కాదనను. కానీ నా కుర్రాణ్ణి ఎవరు బలవంతపెట్టారు? బోర్డు ఆ ప్రశ్న అడగదు. అది అందరికీ ఒకటే జవాబిస్తుంది.

ఇది ఒక్క ఊరి కథ అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. బస్తర్ జిల్లా సిరిస్‌గూడలో హిందూయేతర మతప్రచారం, ప్రార్థనలు కూడదని 2014లోనే గ్రామసభ తీర్మానించింది. 2022 డిసెంబర్‌లో నారాయణ్‌పూర్, కొండగావ్ ప్రాంతాల్లో క్రైస్తవ ఆదివాసీలను ఊళ్ల నుంచి తరిమేస్తే, వందలమంది నారాయణ్‌పూర్ ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న అదే పట్టణంలో చర్చిపై దాడి జరిగింది. ఆపబోయిన జిల్లా ఎస్పీ తల పగిలింది. బస్తర్ జిల్లా ఛింద్‌వాడలో ఒక పాస్టర్ చనిపోతే ఊళ్లో పూడ్చనివ్వలేదు. 2025 జనవరి 7 నుంచి శవం మార్చురీలోనే ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. సొంత పొలంలో పూడ్చనివ్వాలని జస్టిస్ నాగరత్న అన్నారు. నచ్చిన చోటే పూడ్చుకునే హక్కు లేదని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ అన్నారు. శవం ఇంకా ఆగకూడదు కనుక పాతిక కిలోమీటర్ల దూరంలోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమని ఇద్దరూ కలిసి ఆదేశించారు. కాంకేర్ బోర్డుల మీద ఒకరు హైకోర్టుకు వెళితే, ఆశపెట్టి, మోసపుచ్చి చేసే మార్పిళ్లను అడ్డుకోవడానికి పెట్టిన బోర్డులను రాజ్యాంగ విరుద్ధం అనలేమని 2025 అక్టోబర్ 28న తీర్పొచ్చింది.

ఇప్పుడు మళ్లీ అమెరికా దరఖాస్తు దగ్గరికొస్తాను. వీటిలో ఏదైనా ఆ ప్రశ్న కిందికి వస్తుందా? ఆ చట్టం చెప్పే 'తీవ్రమైన ఉల్లంఘన'కు కొలత ఉంది. చిత్రహింసలు, అభియోగం లేకుండా దీర్ఘకాల నిర్బంధం, మనుషుల్ని మాయం చెయ్యడం, ప్రాణానికో స్వేచ్ఛకో బాహాటంగా ముప్పు తేవడం వంటివి ఉండాలి. అవి పద్ధతిగా, ఆపకుండా సాగాలి. పైగా చేసినవాడు ప్రభుత్వాధికారి అయివుండాలి. ఆ జల్లెడలో పటేల్ నిలవడు. బోర్డు దగ్గర కాపలా ఉన్న కుర్రాళ్లు నిలవరు. చూసి కూడా కేసు రాయని వాళ్లు నిలవరు. నేనసలే నిలవను. రేపు నాకు వీసా కావాల్సొస్తే ఆ ప్రశ్నకు 'నో' అని నిజాయితీగానే నొక్కొచ్చు. చట్టం ప్రకారం అది అబద్ధం కాదు.

2005లో నేనూ మా మిత్రుడూ ఎక్కడ తప్పామో ఇప్పుడు తెలుస్తోంది. మేమిద్దరం వేరే వాళ్ల గుమ్మం గురించి కొట్లాడాం. అదే ఏడాది జూన్‌లో మా జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు కాలి జనం గోదావరి దాటి ఖమ్మం అడవుల్లోకి పారిపోయారు. అప్పటి నుంచి వాళ్లు అక్కడ గుత్తికోయలయ్యారు. వాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టిన వాళ్లెవరికీ ఏ దేశమూ వీసా నిరాకరించినట్టు నేను వినలేదు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో చెప్పడానికి ఆరేళ్లు పట్టింది. నేను మాత్రం గుజరాత్ గురించి గొంతు చించుకున్నాను. దూరపు కొండలు నునుపు అంటారు. దూరపు పాపాలు తిట్టడానికి కూడా తేలికే.

అయితే వీసా నిరాకరణ దండగమారి పనా? ఈ మధ్య జరిగిన ఒక చిన్న సంగతి వల్ల నేను అలా అనలేకపోతున్నాను. ఇంకో ఊరి నుంచి మనుషులొచ్చారు. పాత బోర్డు ఫొటో ఫోన్లో చూపించి, ఇలాంటిదే కావాలన్నారు. ఈసారి నేను చెయ్యనన్నాను. కారణం అడిగారు. "నా కొట్టులో ఈ పని చెయ్యను, అంతే" అన్నాను. వాళ్లు గొడవపడలేదు. జగ్దల్‌పూర్ వెళ్లి నేరుగా ప్రింటు చేయించుకున్నారు. బోర్డు లేచింది. నా నిరాకరణ వల్ల ఆ ఊళ్లో ఒక్కరికీ మేలు జరగలేదు. నాకు ఇద్దరు ముగ్గురు గిరాకీలు తగ్గారు.

వీసా నిరాకరణ కూడా ఇంతేనని నాకు ఆ రోజు అర్థమైంది. అది బాధితుడికి న్యాయం చెయ్యదు. నేరం చేసినవాణ్ణి మార్చదు. పోనిచ్చేవాడు ఇంకోచోట ఉంటాడు. అది చెప్పేదొకటే. ఈ పనిలో నా చెయ్యి ఉండదు, నా గుమ్మంలో దీనికి చోటు లేదు. ఆ మాటకు విలువ ఉండాలంటే చిన్నవాడికీ పెద్దవాడికీ, నిన్నటి శత్రువుకూ రేపటి స్నేహితుడికీ ఒకేలా చెప్పాలి. అమెరికా ఆ పని చెయ్యలేకపోయింది. నేనూ మొదటిసారి చెయ్యలేకపోయాను. మా ఇద్దరికీ కారణం ఒకటే, గిరాకీ.

దంతెవాడకు పేరిచ్చిన దంతేశ్వరి అమ్మవారు ఓరుగల్లు నుంచి వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1323లో కాకతీయ రాజ్యం కూలాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వస్తే, ఆయన వెంట నడిచొచ్చిందట. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఆగిపోయిందట. వచ్చినామెను ఈ నేల అక్కున చేర్చుకుంది. ఏడొందల ఏళ్లుగా ఊళ్లకు ఊళ్లు ఆమెను మా అమ్మ అంటున్నాయి. గుడికి వెళ్లినప్పుడల్లా ధోవతి కట్టుకుంటూ ఈ మధ్య అదే ఆలోచిస్తున్నాను. ఆ రోజు సరిహద్దులో ఎవరైనా బోర్డు పెట్టి ఉంటే?

పోయిన నెల మా కుర్రాడు వచ్చాడు. పలకరింపుగా నవ్వాడు. జగ్దల్‌పూర్‌లో ఫ్లెక్సీల కొట్టులోనే పని దొరికిందట. ఆధార్‌లో అడ్రసు మార్చాలి, ఫారం నింపి పెట్టమన్నాడు. వాడి పాత ఊరి పేరు తీసేసి కొత్త వీధి పేరు టైపు చేశాను. శాశ్వత చిరునామా కూడా ఇదేనా అని అడిగాను. కాసేపు స్క్రీన్ వైపు చూశాడు.

"అదే రాయండి సేఠ్" అన్నాడు. డబ్బులు వద్దంటే ఒప్పుకోలేదు. లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, రసీదు అడిగి తీసుకుని వెళ్లాడు.

ఇప్పటికీ వీసా దరఖాస్తులు నింపుతూనే ఉన్నాను. ఆ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం మౌస్ ఆపి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలుగులోనో హిందీలోనో గట్టిగా చదివి వినిపిస్తున్నాను. చాలామంది నవ్వుతారు. "మనకెందుకండీ అవన్నీ, నో పెట్టెయ్యండి" అంటారు. పెట్టేస్తాను.